మా నాన్న మెచ్చుకోలు

మా నాన్న ఆర్వి నోట మాట ఊడిపడాలంటే ఇంట్లో ఏదో ఒకటి తగలబడాలని మా అమ్మ హిల్యా అంటుండేది. నా చిన్నప్పుడు మా గడ్డి కొట్టం నిజంగానే తగలబడింది. అప్పుడు కూడా ఆయన బకెట్టు నా చేతికిచ్చి బావి వైపు చూపించాడు, అంతే. అలాంటి మనిషి ఒకే చలికాలంలో రెండుసార్లు లేచి నిలబడి మాట్లాడాడు. మొదటిసారి విని నివ్వెరపోయాను. రెండోసారి విన్నాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

దేశంలో ఫ్యాక్టరీలు వరసగా మూతపడుతున్న రోజులవి. ఔలు పట్నంలో నేను బడిపిల్లలకు వడ్రంగం నేర్పేవాణ్ణి. నా భార్య కైసు సెల్‌ఫోన్ల మీద పరిశోధన చేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. పాత పాల డిపో పై అంతస్తులో వాళ్ల ఆఫీసు. కంపెనీ అంటే ఆమె, ఇంకో ముగ్గురు, వాళ్ల యజమాని హోల్మ్‌బెర్గ్. ఆయన ప్రాణంగా చూసుకునే పడవను అమ్మి మరీ ఆ కంపెనీని నడుపుతున్నాడు. వాళ్లందరి ఆశలూ కైసు కనిపెట్టిన ఒకే ఒక్క కిటుకు మీద ఉన్నాయి. ఆ కిటుకు మొట్టమొదట పనిచేసింది మా నాన్న కుక్క రొంట్టి మెడలో.

ఎల్క్ దుప్పుల వేట మొదలైన శనివారం కైసు నాతోపాటు మా ఊరు కుర్కివారా వచ్చింది. వేటకు రావడం అదే మొదటిసారి. రక్తం వాసన పడదని పదేళ్లుగా వేట ఛాయలకు రాని మనిషి, ఒళ్లో చిన్న చెక్కపెట్టె పెట్టుకుని, దారి పొడుగునా దాన్ని తడుముకుంటూ కూర్చుంది. ఆ పెట్టెను బర్చ్ చెక్కతో నేనే చేశాను. లోపల ఆమె అమర్చిన ఫోను ఉంది. పేరుకు ఫోనే గాని, దానికి మీటలూ లేవు, ముఖమూ లేదు.

అడవి అంచున వేటగాళ్ల గుడిసె దగ్గర మా నాన్న జట్టు అప్పటికే పొయ్యి రాజేసి కాఫీ కెటిల్ పెట్టింది. జట్టు పెద్ద మా నాన్నే. ఆయనకు బదులుగా మాట్లాడే పని ఇల్మోది.

"ఏంటమ్మాయ్ అది, కుక్కకి సబ్బా?" అన్నాడు ఇల్మో.

"ఫోను, బాబాయ్."

"కుక్కకి ఫోనా? మా ఆవిడ క్రిస్మస్‌కీ పుట్టినరోజుకీ అదే అడుగుద్ది, దానికే కొనలేదు నేను."

"మీ ఆవిడ కేకేస్తే మా ఇంటిదాకా వినపడుద్ది. ఆమెకి ఫోనెందుకయ్యా?" అన్నాడు పక్కనున్నవాడు. అందరూ కాఫీ గ్లాసుల్లోకి నవ్వారు.

మా వేటలో అసలు పని కుక్కదే. అది ముందుగా అడవిలోకి దూరి, దుప్పిని వెతికి పట్టుకుని, దాని ఎదురుగా నిలబడి మొరుగుతూ ఉంటుంది. ఆ మొరుగుడు వినపడితేనే మాకు దారి. గాలి ఎదురుగా వీచిందంటే ఎంత చెవులు రిక్కించినా ఏమీ వినపడదు. కుక్క మెడలో ఫోను ఉంటే, దానికి ఫోన్ చేసి మొరుగుడు వినొచ్చు. అంతకుముందు ఏడాది పక్క ఊరివాళ్లు ఆ ప్రయత్నం చేశారు. చలికి మధ్యాహ్నం కాకుండానే బ్యాటరీ చచ్చిపోయి, కుక్క ఎక్కడుందో తెలియక చీకటిపడేదాకా తిరిగారు.

కైసు మంచులో మోకాళ్ల మీద కూర్చుని రొంట్టి పట్టీకి పెట్టె కట్టింది. నాన్న కుక్కను పట్టుకున్నాడు. మిగతావాళ్లు తుపాకులు తీసుకుని తమ తమ చోట్లకు బయల్దేరారు.

"ఎంతసేపు?" అన్నాడు నాన్న.

"రేపు సాయంత్రం దాకా ఉంటుంది, మామయ్యా."

ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడు. "ఎట్టా?"

నాన్న ఒకే రోజు ఒకే మనిషిని రెండు ప్రశ్నలు అడగడం నేను అంతకుముందు చూడలేదు. కైసు కూడా చూసి ఉండదు. అందుకే సంబరపడిపోయి మొత్తం చెప్పేసింది.

"బ్యాటరీని తినేది మాటలు కాదు మామయ్యా. ఊరికే ఉన్నప్పుడు కూడా ఫోను మాటిమాటికీ లేచి, దగ్గర్లో టవర్ ఏదా అని నాలుగు వైపులా వెతుక్కుంటుంది. అందులోనే సగం అయిపోతుంది. మీ రొంట్టి దుప్పి ముందు నిలబడిపోతే గంటలకొద్దీ అక్కడే ఉంటుందిగా? కదలనిదానికి టవర్ ఎక్కడికి పోతుంది? నిన్నటిదే ఇవాళా. మరి వెతుకులాట ఎందుకు? అందుకని లోపల చిన్న ఉక్కు గుండు పెట్టాను. అది దొర్లుతుంటే ఫోను వెతుకుతుంది. గుండు కదలకపోతే, పాత టవర్ మాటే వింటూ నిద్రపోతుంది. ఎవరైనా పిలిస్తే లేస్తుంది."

నాన్న ఆ పెట్టెను బొటనవేలితో ఒకసారి రుద్దాడు. కుక్కను వదిలాడు. "ఊఁ" అని తన దారిన తాను పోయాడు.

"ఈ సంగతి కంపెనీ దాటి బయటికి పోకూడదంటివి గదా. నాన్నకి చెప్పేశావేంటి?" అన్నాను నేను.

కైసు మోకాళ్ల మీది మంచు దులుపుకుంటూ నవ్వింది. "మామయ్య ఎవరికి చెబుతారు వైనో? రొంట్టికా?"

నేనూ నవ్వాను. ఆర్వితో ఎవరికీ చెప్పొద్దని అనడం ఎంత హాస్యాస్పదమో కుర్కివారాలో ఎవర్ని అడిగినా చెబుతారు. పైగా మా వైపు ఒక మనిషితో ఆ మాట అన్నామంటే అతణ్ణి అనుమానించినట్టే. కొడుకునైన నాకే ఆ ధైర్యం లేదు, కోడలికి ఎక్కడిది?

ఆ తర్వాత ప్రతి శని ఆదివారాలూ మేము కుర్కివారాలోనే ఉన్నాం. చలి ముదిరింది, చెరువుల మీద మంచు పేరుకుంది. రొంట్టి తడిసి, మంచులో దొర్లి, ఒకసారి ఊబిలో మెడదాకా దిగబడి వచ్చింది. పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. కైసు గుడిసెలో పొయ్యి పక్కన కూర్చుని రొంట్టికి ఫోన్ చేసేది. అవతల నుంచి మొరుగుడు వినగానే ఆమె ముఖం చూడాలి. మా పెళ్లప్పుడు కూడా అంత వెలుగు లేదని ఏడిపించేవాణ్ణి.

"అప్పుడు ఇంత బాగా మొరిగినవాళ్లు లేర్లే" అనేది.

చివరి చలి పరీక్ష ఒకటి మిగిలింది. అది అవగానే కాగితాలన్నీ హెల్సింకీలో పేటెంట్ ఆఫీసుకు వెళతాయి. ఆ తర్వాత పెద్ద కంపెనీలేవైనా సరే, నిద్రపోయే ఫోను చేయాలంటే పాల డిపో మెట్లెక్కి హోల్మ్‌బెర్గ్‌ను అడగాల్సిందే. హోల్మ్‌బెర్గ్ అప్పుడే కొత్త పడవకు పేరు కూడా ఆలోచిస్తున్నాడని కైసు చెప్పింది.

ఈలోగా ఊళ్లో విందు వచ్చింది.

మా దగ్గర వేట ముగిశాక విందు పెట్టడం ఆనవాయితీ. జట్టు వేటాడేది ఊరందరి అడవుల్లో కాబట్టి, ఆ భూముల యజమానుల్నీ ఊరినంతటినీ పిలిచి దుప్పి మాంసం సూప్ పోస్తారు. బడి హాలులో బల్లలు వేస్తారు. రానివాళ్లకు ఇంటికి పంపుతారు. ఆ ఏడు కూడా పసిపిల్లల్నుంచి పళ్లూడిన ముసలమ్మల దాకా హాలు నిండిపోయింది. మా అమ్మ పెద్ద గరిటె పట్టుకుని డేగిసా దగ్గర నిలబడింది. కైసు కాఫీ బల్ల దగ్గర, కాఫీలో నానబెట్టుకు తినడానికి కప్పుల్లో జున్నుముక్కలు వేస్తోంది.

మొదటి వరసలో లిండ్రూస్ అనే ఆయన కూర్చున్నాడు. హెల్సింకీ మనిషి. మేనత్త పోతూ మా చెరువు అవతలి అడవిని ఆయనకు రాసిపోయింది. అందుకని ఏటా విందుకు వస్తాడు, మూలుగ ఉన్న ఎముక ఆయనకే వేస్తారు. ఆయన అక్కడ ఏం పని చేస్తాడో ఎవరూ అడగలేదు. సూప్ తాగడానికి వచ్చినవాణ్ణి అలాంటివి అడగడం మా ఊళ్లో మర్యాద కాదు.

జట్టు పెద్ద లేచి భూములిచ్చినవాళ్లకు కృతజ్ఞత చెప్పాలి. నాన్న ఏటా చెప్పేది ఒకటే: "సూప్ ఉంది. తినండి." ఆ రెండు ముక్కలూ అలవాటైన జనం చెంచాలు చేతుల్లో పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

నాన్న లేచాడు. "భూములిచ్చిన అందరికీ దండాలు. సూప్ ఉంది."

చెంచాలు గిన్నెల్లోకి దిగాయి. నాన్న మాత్రం కూర్చోలేదు.

"ఇంకో మాట ఉంది" అన్నాడు.

హాలంతా ఎక్కడి చెంచా అక్కడే ఆగింది. అమ్మ గరిటెలో సూప్ డేగిసాలోకి కారిపోతోంది, ఆమెకు తెలియడం లేదు. నాన్న కోటు జేబులోంచి చెక్కపెట్టె తీసి ఎత్తి చూపించాడు.

"ఈ ఏడు కుక్క తప్పిపోలేదు. ఎవరమూ చీకట్లో తిరగలేదు. ఇదిగో, దీనివల్ల. ఇది మా కోడలు చేసింది. ఫోను ఊరికే ఉన్నప్పుడు కూడా టవర్ కోసం వెతుక్కుంటుందట. అందుకే బ్యాటరీ అయిపోద్ది. కదలకుండా నిలబడ్డదానికి వెతుకులాట ఎందుకని ఈ పిల్ల అడిగింది. లోపల ఉక్కు గుండు పెట్టింది. గుండు దొర్లితే వెతుకుద్ది, దొర్లకపోతే నిద్రపోద్ది. నేను పుట్టిన కాడ్నుంచీ నిలబడ్డ కుక్కల్ని చూస్తానే ఉన్నా. నాకు తట్టలా. మా ఇంట్లో తెలివిగలది ఎవరంటే ఈ అమ్మాయే. ఇన్నేళ్లూ ఈ మాట అనలా. అనాల్సింది."

కూర్చున్నాడు. చెంచా తీసుకుని సూప్ తాగడం మొదలుపెట్టాడు.

ఇల్మో చప్పట్లు కొట్టాడు, ఆ వెనకాల హాలు హాలంతా కొట్టింది. నాకు కళ్లు మసకబారాయి. నేను ఐదో తరగతిలో చేసిన స్టూలు మీద ఆయన ఇప్పటికీ కూర్చుంటాడు, బాగుందని మాత్రం ఇంతవరకూ అనలేదు. నాకు దక్కకపోయినా నా భార్యకు దక్కింది కదా అని పొంగిపోతూ కైసు కోసం చూశాను.

ఆమె కాఫీ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. సంతోషం పట్టలేక అలా అయిపోయిందనుకున్నాను. తెలివితక్కువవాణ్ణి.

నేను ఆమె దగ్గరికి చేరేసరికి లిండ్రూస్ కూడా కాఫీ కోసం వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి.

"చాలా బాగుందమ్మా. ఇంత తేలికైన సంగతి మావాళ్లకెవరికీ తట్టలేదు" అన్నాడు. వాళ్లెవరో చెప్పాడు. అది పెద్ద ఫోన్ల కంపెనీ. అందులో ఆయన పని పేటెంట్లు చూసుకోవడం. "ఎప్పుడు దాఖలు చేశారు?"

"వచ్చే వారం" అంది కైసు.

లిండ్రూస్ చేతిలోని కప్పును తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు. "అయ్యో" అన్నాడు. టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

కైసును బయటికి తీసుకెళ్లాను. మంచు పడుతోంది. కారులో కూర్చోబెట్టి హీటర్ వేశాను.

"దాఖలు చేయకముందే పదిమందిలో బయటపడితే మన దేశంలో ఇక పేటెంట్ రాదు వైనో. చుట్టుపక్కల దేశాల్లోనూ రాదు. ఎవరు చెప్పారని ఉండదు, ఎందుకు చెప్పారని ఉండదు. బయటపడిందా లేదా, అంతే."

"ఆ హాలులో ఉన్నవాళ్లు సగం మంది చెవిటి ముసలాళ్లు కైసూ."

"ఒక్కడికి వినపడితే చాలు. ఆ ఒక్కడూ ఎవరో చూశావుగా."

బతుకంతా నోరు విప్పని మనిషి విప్పక విప్పక ఇప్పుడా విప్పడం? ఆ హాలు కిటికీలోంచి నాన్న కనిపిస్తున్నాడు. ఎవరో ఆయన భుజం తడుతున్నారు. అంత తేలిగ్గా, అంత హాయిగా ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మామయ్యకి చెప్పొద్దు. ఎప్పటికీ చెప్పొద్దు" అంది కైసు.

హోల్మ్‌బెర్గ్ మాత్రం అంత తేలిగ్గా వదిలే రకం కాదు. సోమవారమే కాగితాలు దాఖలు చేయించాడు. ఆ మర్నాడే లిండ్రూస్ కైసుకు ఫోన్ చేశాడు. తాను విన్నది విననట్టు ఉండలేననీ, తన ఉద్యోగమే అదనీ, అయినా ఆ ఊరి సూప్ తిన్నవాడు కాబట్టి తొందరపడదలచుకోలేదనీ చెప్పాడు. శనివారం కుర్కివారా వస్తాడు. ఆ రోజు ఏమన్నారని ఆర్వినే అడుగుతాడు. ఆర్వి తన నోటితో ఏది చెబితే అదే రాసుకుని పేటెంట్ ఆఫీసుకు పంపుతాడు, ఇంకెవర్నీ అడగడు.

"చూశావా, ఇంకా అవకాశం ఉంది" అని హోల్మ్‌బెర్గ్ ఎగిరి గంతేశాడట. కైసు ఎంత వద్దన్నా వినలేదు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా మా వెనకే కారేసుకుని కుర్కివారాలో దిగిపోయాడు.

ఇంటికొచ్చిన మగవాణ్ణి ముందు సౌనాకు, అంటే ఆవిరి స్నానానికి, పిలవకుండా మా నాన్న ఏ మాటా వినడు. వేడి రాళ్ల గదిలో ముగ్గురం చెక్క మెట్ల మీద కూర్చున్నాం. నాన్న పై మెట్టు మీద, నేను మధ్య మెట్టు మీద, చెమటలు కక్కుతూ హోల్మ్‌బెర్గ్ కింది మెట్టు మీద. కైసు వంటింట్లో అమ్మ దగ్గర ఉంది. నేను ఆపేలోపే హోల్మ్‌బెర్గ్ మొత్తం చెప్పేశాడు. పేటెంట్ అంటే ఏమిటో, విందులో నాన్న అన్న మాటలవల్ల ఏం పోయిందో, రేపు లిండ్రూస్ ఎందుకొస్తున్నాడో.

నాన్న రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోశాడు. ఆవిరి బుస్సుమంది. మళ్లీ ఇంకో గరిటెడు పోశాడు.

"నేనేమనాలి?" అన్నాడు చివరికి.

"కుక్క బాగా పనిచేసిందని మాత్రమే అన్నానని చెప్పండి. లోపల ఏముందో, ఎలా పనిచేస్తుందో అనలేదని చెప్పండి. ఊళ్లోవాళ్లు మీ మాట కాదనరు. మీరు ఏమన్నారంటే అదే విన్నామంటారు."

"సరే" అన్నాడు నాన్న.

నేను తలెత్తి పై మెట్టు వైపు చూశాను. నా చిన్నప్పుడు ఒకసారి ఆయన పొరపాటున దూడ ఉన్న తల్లిదుప్పిని కాల్చాడు. అది నేరమే, కానీ చూసినవాళ్లు లేరు. అయినా తుపాకీ తీసుకుని తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, దాన్ని వాళ్ల బల్ల మీద పెట్టి వచ్చిన మనిషి.

"నాన్నా, ఆయన నిన్ను అబద్ధం చెప్పమంటున్నాడు."

"వినపడింది" అన్నాడు.

హోల్మ్‌బెర్గ్ వేడి తట్టుకోలేక బయటికి పోయాడు. మేమిద్దరం ఆవిర్లు కక్కుతున్న ఒంటితో గుమ్మం మెట్ల మీద కూర్చున్నాం. నాన్న చెరువు వైపు చూస్తూ అన్నాడు. "ఆ పిల్ల పని పోకూడదు. అన్నది నేను. మింగేది కూడా నేనే."

ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. విందు రోజు కిటికీలోంచి కనిపించిన ఆ హాయి ఎక్కడా లేదు. వారం కిందటికీ ఇప్పటికీ పదేళ్లు పైబడ్డట్టున్నాడు. సన్నటి కోపం వచ్చింది నాకు, ఎవరి మీదో తెలియలేదు. వంటింట్లోకి వెళ్లి కైసుతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె జున్ను కోస్తున్న కత్తి ఆపింది. మళ్లీ కోసింది.

శనివారం ఉదయం లిండ్రూస్ వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, తలుపు పక్కన ఆరేసి ఉన్న, అమ్మ కిందటి శీతాకాలంలో అల్లిన మేజోళ్లు చూసి బాగున్నాయన్నాడు. మొదటి కప్పు కాఫీ అయ్యేదాకా చలి గురించీ చేపల గురించీ మాట్లాడాడు. హోల్మ్‌బెర్గ్ కుర్చీ అంచున కూర్చుని మోకాలు ఊపుతున్నాడు. నాన్న నేను చేసిన స్టూలు మీద, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆదివారం వేసుకునే చొక్కా వేసుకున్నాడు.

అమ్మ రెండో కప్పు పోసింది. లిండ్రూస్ జేబులోంచి పెన్ను తీశాడు.

"ఆర్విగారూ, ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఆ రోజు ఆ పెట్టె గురించి మీరేమన్నారు?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "నేను..."

"ఆగండి మామయ్యా" అంది కైసు.

కెటిల్ పక్కన నిలబడి ఉన్నది కాస్తా వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చుంది. వేట మొదటి రోజు రొంట్టి ముందు కూర్చున్నట్టే కూర్చుంది.

"మీరేం చెప్పబోతున్నారో నాకు తెలుసు. చెప్పొద్దు."

"కైసూ, అది నీ ఒక్కదాని సొత్తు కాదు" అన్నాడు హోల్మ్‌బెర్గ్. "ఐదుగురి అన్నం అది. నాది సరే, ఆ ముగ్గురి ముఖం ఎలా చూస్తావు?"

"ఎలా చూడాలో నాకూ తెలియదు" అంది. "వాళ్లకి నేనే చెబుతా. తిడితే పడతా. కానీ మామయ్య ఆ మాట అనలేదంటే, ఇక అది లేనట్టే గదా? ఊరంతా కూడా లేదంటుంది. నేను ఈ ఇంటికొచ్చి పదేళ్లయింది. వచ్చిన దగ్గర్నుంచీ ఈయనకి నేను నచ్చానో లేదో నాకు తెలియదు. అన్నాళ్లకి ఒక్క మాట అన్నారు. దాన్ని వెనక్కి తీసుకోనివ్వను."

నా చేతిలో కాఫీ ఒలికి మోకాలు కాలింది, ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మా ఇంట్లో వాళ్లం ఇలాంటి మాటలు ఒకరితో ఒకరం అనుకోం. చనిపోతున్నప్పుడు కూడా అనుకోం.

"అసలు సంగతేంటంటే, మామయ్యా" అంది కైసు నెమ్మదిగా, "ఆ రోజు మీరు గుండు అనగానే నా గుండె ఆగిపోయింది. ఆ తర్వాత మీరేమన్నారో నా చెవిన పడలేదు. నన్నేదో మెచ్చుకున్నారని వైనో చెప్పాడు. నేను వినలేదు. ఏమన్నారో అదే మళ్లీ అనండి. లిండ్రూస్‌గారు రాసుకుంటారు, నేను వింటాను."

హోల్మ్‌బెర్గ్ లేచి, చేతితొడుగులు కూడా మర్చిపోయి వాకిట్లోకి వెళ్లిపోయాడు. మంచులో తన కారు చుట్టూ తిరుగుతూ కనిపించాడు. వసంతం వచ్చేసరికి పాల డిపో మీద బోర్డు తీసేశారు. ఆ ముగ్గురిలో ఒకతను మాతో ఇప్పటికీ మాట్లాడడు, అతణ్ణి తప్పుపట్టను. ఆ తర్వాత కైసు మా ఊరి బడిలోనే భౌతికశాస్త్రం చెప్పే పనిలో చేరింది, మేము ఈ ఇంటి మేడ మీదికి మారిపోయాం.

నాన్న కైసు వైపు చూశాడు. లిండ్రూస్ వైపు చూశాడు. తర్వాత స్టూలు మీంచి లేచి నిలబడి, చొక్కా కిందికి లాక్కుని, ఎదురుగా గోడను చూస్తూ మొదలుపెట్టాడు.

"భూములిచ్చిన అందరికీ దండాలు. సూప్ ఉంది. ఇంకో మాట ఉంది."

అమ్మ చేత్తో నోరు మూసుకుంది. నాన్న వంటింట్లో సూప్ లేదన్న సంగతి పట్టించుకోలేదు. ఈ ఏడు కుక్క తప్పిపోలేదన్నాడు, చీకట్లో తిరగలేదన్నాడు. జేబులో పెట్టె లేకపోయినా చెయ్యెత్తి చూపించాడు. ఒక్క పొల్లు తేడా లేకుండా, ఆ రోజు ఎక్కడ ఆగాడో అక్కడే ఆగుతూ చెబుతున్నాడు. లిండ్రూస్ రాసుకుంటున్నాడు.

"అంతా అలాగే ఉంది ఎట్లా?" అని అమ్మ చెవిలో అడిగాను.

"కట్టెల కొట్టంలో నెల రోజులు వల్లె వేశాడ్రా" అంది అమ్మ. "నేను కట్టెలకి పోయినప్పుడల్లా ఆపేసేవాడు. కుక్కతో మాట్లాడుతున్నాడనుకున్నా."

"మా ఇంట్లో తెలివిగలది ఎవరంటే ఈ అమ్మాయే" అన్నాడు నాన్న. గోడ మీంచి చూపు తిప్పి ఆమెను చూశాడు. అప్పుడు మిగతాది అన్నాడు. "ఇన్నేళ్లూ ఈ మాట అనలా. అనాల్సింది."

కూర్చున్నాడు. తాగడానికి సూప్ లేదు కాబట్టి చేతులు ఏం చేసుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఇప్పుడు వినపడింది, మామయ్యా" అంది కైసు.